వీపు తిప్పిన కుర్చీ

ఆయన పెన్సిళ్లు చెక్కుతున్నాడు.

వరండా మెట్టు మీద పాత పేపరు పరచుకుని, మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, బ్లేడుతో ఒక్కో పెన్సిలూ నిదానంగా తిప్పుతూ చెక్కుతున్నాడు. చెక్కపొట్టు ఉల్లిపొరలాగా చుట్టలు చుట్టుకుని రాలుతోంది. చెక్కినదాన్ని వెలుతురుకి ఎత్తి, మొన చూసుకుని, పక్కనున్న గాజు గ్లాసులో నిలబెడుతున్నాడు. ఆ పెన్సిళ్లతో రాసే మనిషి మొన్న సాయంత్రం చనిపోయాడు. ఆ సంగతి ఈ చేతులకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

గేటు దగ్గర నిలబడి ఆమె కాసేపు చూసింది. చూడటమే ఆమె పని. పోలీసు స్టేషన్లో ఆమెకి నత్త అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాల అందరూ అంటారు. ఆమెకీ తెలుసు. "గుర్రం పోయిన దారిలో దుమ్ము తప్ప ఏం మిగలదు, నత్త పోయిన దారి మర్నాడు కూడా కనిపిస్తుంది" అని ఒకసారి ఆమే అని ఊరుకుంది.

నిజానికి ఈ కేసు ఆమెది కాదు. అగ్గిపుల్ల అని పిలిచే ఇంకో ఇన్‌స్పెక్టరుది. ఆయన గీసీ గీయకముందే మండుతాడు. చనిపోయినది పాస్టరు అయ్యగారు. బైబిలు పాత అనువాదాన్ని సవరించే పనికి పెద్ద ఆయనే. ఒకే ఒక్క మాట దగ్గర ఆయనకీ, సొంత అల్లుడికీ నెలల తరబడి గొడవ. మొన్న సాయంత్రం ఆ గొడవ వీధి వీధంతా విన్నది. చీకటి పడేసరికి అయ్యగారు తన గదిలో నేల మీద ఉన్నాడు, తల వెనక దెబ్బతో. నిన్న పొద్దుగూకేలోపే అగ్గిపుల్ల అల్లుణ్ని లాకప్‌లో వేశాడు. ఈ మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళతారు. పెద్ద ఆఫీసరుకి మాత్రం మనసులో ఎక్కడో నలుసు పడింది. "ఒక్క మాట కోసం మామని చంపుతాడా అమ్మా, అందులోనూ దేవుడి పుస్తకంలో మాట? కోర్టుకి పోయేలోపు ఒకసారి నువ్వు చూసి రా" అన్నాడు.

అందుకే వచ్చింది. మెట్టు పక్కకి వెళ్లి, "మీరేనా అయ్యగారి తమ్ముడు?" అంది.

ఆయన పలకలేదు. బ్లేడు ఆగలేదు.

ఇంకోసారి, కొంచెం గట్టిగా అడిగింది. అప్పుడు ఆయన తలెత్తాడు. తల ఒక్కటే తిప్పలేదు. కూర్చున్న చోటే మొత్తం మనిషి జరిగి, కుడి భుజం ఆమె వైపు వచ్చేలా ఏటవాలుగా సర్దుకున్నాడు.

"ఆ చెవి లేదమ్మా. ఇంజన్ తినేసింది. ఇటు చెప్పండి."

"రైలు నడిపేవారా?"

"అది నన్ను నడిపేది. అందరూ డ్రైవర్ బాబాయి అంటారు. దిగి ఎన్నేళ్లయినా ఆ పేరు దిగలేదు."

"మొన్న సాయంత్రం ఇంట్లోనే ఉన్నారు కదా?"

"వెనక గదిలో."

"ఏమీ వినపడలేదా?"

ఆయన పెన్సిలు మొన వైపు చూశాడు. "సరిగ్గా వినే మనిషినైతే ఈ కథ ఇంకోలా ఉండేది."

అది జవాబో, నిట్టూర్పో ఆమెకి తేలలేదు. "ఇవి ఎవరికండీ చెక్కుతున్నారు?"

"అన్నయ్యకి. రోజూ చెక్కి గది గుమ్మం దగ్గర పెడతా. తీసుకుంటాడు." ఆ చివరి మాట ఆయన నోట్లోనే తడబడింది. "తీసుకునేవాడు."

"లోపల బల్ల మీద పెట్టొచ్చు కదా?"

"ఆ గదిలోకి నేను వెళ్లను."

లోపలి నుంచి చెప్పుల చప్పుడు గబగబా వచ్చింది. అయ్యగారి కూతురు. మనిషి సన్నం, గొంతు మాత్రం సన్నం కాదు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచినా జుట్టు నున్నగా దువ్వి బిగించి ముడేసుకుంది.

"ఇంకో పోలీసా?" అంది. "ఈ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఇవాళ ఎవర్ని తీసుకెళతారో ముందే చెబితే, ఎంతమందికి బియ్యం కడగాలో తెలుస్తుంది."

"ముందు గది చూడనివ్వమ్మా. తర్వాత తిడుదువుగాని, ఇక్కడే కూర్చుని వింటాను."

తిట్టించుకోవడానికి ఒప్పుకునే పోలీసుని ఆ అమ్మాయి ఇంతవరకు చూసినట్టు లేదు. పక్కకి జరిగింది.

ఆమె తలుపుకున్న సీలు తీసి లోపలికి వెళ్లింది. గది చిన్నది. కిటికీ పక్కన రాసే బల్ల. మూడు గోడలకీ పుస్తకాలు. మధ్యలో నిలబడి చదవడానికి నడుమెత్తున వాలుబల్ల, దాని మీద లావుపాటి బైండు, సవరించిన ప్రతి, విప్పి ఉంది. వాలుబల్ల వెనక మూలన ఇనప పెట్టె. దాని అంచు మీద, కింద నేల మీద, మరక. నేలంతా నారచాప పరిచి ఉంది.

ఇక ఒక కుర్చీ. వాలుబల్ల ముందు, రెండు మూరల దూరంలో ఉంది. దాని వీపు వాలుబల్ల వైపు, ముఖం గోడ వైపు. ఆ గోడకి బొమ్మ లేదు, కిటికీ లేదు, చూడటానికి ఏమీ లేదు.

ఆమె చాప మీద గొంతుక్కూర్చుంది. కుర్చీ కాళ్ల దగ్గర వేలు పెట్టి తడిమింది. అలాగే ఉండిపోయింది.

"నడిచొచ్చారా మేడమ్? అయితే నిన్ననే బయల్దేరి ఉంటారు."

అగ్గిపుల్ల గుమ్మంలో ఉన్నాడు. చంకలో టోపీ, నుదుట చెమట. వెనక కూతురు కూడా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"మీరూ త్వరగానే వచ్చారే," అంది ఆమె లేవకుండా.

"నా సీలు తీశారని తెలిసి వచ్చాను. నా కేసులో మీరేం వెతుకుతున్నారు?"

"నాకూ తెలీదు. తెలిస్తే వెతకడం దేనికి? మీ లెక్క చెప్పండి, వింటాను."

ఆయన చెప్పాడు. వేళ్లు మడుస్తూ, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. అయిదున్నరకి మామాఅల్లుళ్ల గొడవ. 'ఆ మాట అక్కడ వేస్తే మీకు మనసే లేనట్టు' అని అల్లుడు అరిచాడు. ఇరుగూ పొరుగూ సాక్ష్యం. ఆరింటికి గేటు దభీమని వేసి వెళ్లాడు. కూతురు గుడిలో ఆడవాళ్ల ప్రార్థన నుంచి ఏడు దాటాక వచ్చింది. గేటు లోపల గడియ పెట్టి ఉంది. పైనుంచి చెయ్యి పెట్టి తీయడం, వేయడం ఇంట్లోవాళ్లకే తెలుసు. అంటే అల్లుడు మళ్లీ వచ్చాడు, మళ్లీ గొడవ, పెనుగులాట. కుర్చీ అటు తిరిగిపోయింది. పెద్దాయన్ని తోశాడు. తల ఇనప పెట్టెకి కొట్టుకుంది.

"ఇంకొకటి," అన్నాడు. "తల కింద తువ్వాలు నాలుగు మడతలు వేసి పెట్టి ఉంది. పరాయివాడు పెడతాడా? సొంతవాడు చేస్తేనే ఆ జాలి ఉంటుంది."

"ఆ చివరి మాట నిజం," అంది ఆమె.

"మొదటివన్నీ అబద్ధమా?"

"ఇలా రండి. వంగండి కాస్త, పోయేదేం లేదు. పెనుగులాటలో కుర్చీ తిరిగితే చాప మీద ఏముండాలి?"

ఆయన అయిష్టంగా వంగాడు.

"గీరుకున్న గీతలుండాలి," అంది ఆమె. "ఇక్కడ నాలుగు గుంటలున్నాయి. కాళ్లు సరిగ్గా వాటిలోనే ఉన్నాయి. ఎవరో ఈ కుర్చీని ఇలాగే వేసుకుని, ఒళ్లు బరువంతా వేసి కాసేపు కూర్చున్నారు. గోడ చూస్తూ."

"గోడ చూస్తూ ఎవడు కూర్చుంటాడండీ? బడిలో శిక్ష వేసిన పిల్లాడా?"

"వినేవాళ్లు కూర్చుంటారు," అంది గుమ్మం దగ్గర్నుంచి కూతురు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆ అమ్మాయి ఆ కుర్చీని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. మొన్న ఆ అమ్మాయి చూసింది తండ్రిని ఒక్కణ్నే. నిన్నంతా గదికి సీలు.

"ఏం వినేవాళ్లమ్మా? నిదానంగా చెప్పు."

"చెవి పరీక్ష అంటారు నాన్న. ఏ మాటైనా పుస్తకంలో ఖాయం చేసేముందు, ఆ భాగం ఎప్పుడూ సరిగా వినని మనిషిని ఒకరిని పిలుస్తారు. సైకిళ్లు బాగుచేసే ఆయన, పాలామె, ఎవరైనా సరే. కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడి చదువుతారు. అయ్యాక 'ఏం అర్థమైంది?' అని ఒక్కటే అడుగుతారు. వాళ్లకి అర్థమైంది ఒకటి, మూలంలో ఉన్నది ఒకటి అయితే, మళ్లీ మొదటికొస్తారు."

"ఎదురుగా కూర్చోబెట్టి చదవచ్చుగా? మర్యాదగా ఉంటుంది," అన్నాడు అగ్గిపుల్ల.

"ఎదురుగా కూర్చుంటే మొహం కనిపిస్తుంది. నవ్వు మొహంతో చదివితే శాపం కూడా దీవెనలా వినపడుతుంది. 'రేపు ఈ పుస్తకం ఎవరింట్లోనో ఉంటుంది, నా మొహం వెంట వెళ్లదు కదమ్మా' అనేవారు. మాట ఒక్కటే నిలబడాలి, మనం సాయం పట్టకూడదు. చదివేటప్పుడు గొంతు కూడా ఎత్తేవారు కాదు, దించేవారు కాదు."

"ఇదంతా నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"మీరు నన్ను అడిగింది ఒక్కటే. 'మీ ఆయన ఎక్కడ?' అని."

అగ్గిపుల్ల మొహం కందింది. అయినా తగ్గలేదు. "సరే. వినేవాడు ఉన్నాడు. ఆ వినేవాడు అల్లుడే ఎందుకు కాకూడదు?"

కూతురు ఈసారి నవ్వినంత పని చేసింది. "ఆయన బైబిలు మూలభాషలు పాఠం చెబుతారు. ఈ పుస్తకం మూడు భాషల్లో నోటికొచ్చు. ఆయన్ని కూర్చోబెట్టి చెవి పరీక్ష పెట్టడమంటే, వండినవాణ్నే పిలిచి కూరలో ఉప్పుందా అని అడగడం."

ఆమె ఈ మాటల మధ్యలో చాప మీంచి లేచి వాలుబల్ల దగ్గరికి వెళ్లింది. బైండులో రెండు దారాలున్నాయి. ఎర్రది విప్పి ఉన్న పేజీలో. తెల్లది ఇంకా లోపలికి, చాలా పేజీల అవతల.

"ఇవి?"

"ఆ రోజు చదవాల్సిన చోట్లు. ఎర్రది ముందు, తెల్లది తర్వాత."

"అంటే ఎర్ర దారం దగ్గరే ఆగిపోయింది. రెండోది చదవలేదు." ఆమె మళ్లీ కుర్చీ వైపు చూసింది. "ఇంకొక్కటి చెప్పమ్మా. వినేవాళ్లని తిన్నగా గోడకే కూర్చోబెడతారా?"

"తిన్నగానే. ఎప్పుడూ..."

ఆ అమ్మాయి ఆగిపోయింది.

కుర్చీ తిన్నగా లేదు. ఏటవాలుగా ఉంది. అందులో కూర్చున్న మనిషి ఎడమ భుజం గోడ మూలకి పోతుంది. కుడి భుజం, కుడి చెవి, చదివే మనిషి వైపు వస్తాయి. ఇందాక మెట్టు మీద ఒక మనిషి జరిగి సర్దుకున్న తీరు అదే, గోరంత తేడా లేదు.

కూతురు కళ్లు తనకి తెలీకుండానే వరండా వైపు వెళ్లాయి. వెంటనే తిరిగొచ్చాయి.

"కాదు," అంది. "బాబాయి ఈ గదిలోకి రాడు. వాక్యం చదివే చోట అసలు ఉండడు. నేను బడికి వెళ్లే రోజుల్నుంచీ అంతే."

"ఎందుకని?"

ఆ అమ్మాయి తలుపు అంచు గోటితో గీస్తూ చెప్పింది. పొగమంచు రోజు. పట్టాల మీద పనిచేస్తున్న మనుషులు. కనిపించేసరికి బ్రేకు వేసినా ఆగే దూరం కాదు. ముగ్గురు పోయారు. విచారణ జరిగింది. డ్రైవరు తప్పు లేదని తేలింది. ఇంటికొచ్చినవాళ్లందరూ అదే అన్నారు, నీ తప్పు లేదు, నీ తప్పు లేదు అని. ఆ తర్వాత ఆయన గుడి మెట్టెక్కలేదు.

"మామాఅల్లుళ్ల గొడవ ఏ మాట గురించి?" ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"అక్కడున్న మాటే." కూతురు వాలుబల్ల వైపు చెయ్యి చూపింది. "ఎర్ర దారం దగ్గర ఆజ్ఞలున్నాయి. హత్య చేయకూడదనే ఆజ్ఞ. తెల్ల దారం దగ్గర, తెలీకుండా ఒకరి ప్రాణం తీసినవాడు పారిపోయి తలదాచుకోవడానికి దేవుడు పెట్టించిన ఊళ్ల సంగతి ఉంది. మూలంలో రెండు చోట్లా మాట ఒకటే. కావాలని చంపినవాడికీ అదే మాట, తెలీక చంపినవాడికీ అదే మాట. మా ఆయన అన్నది, రెండోచోట వేరే మాట వేద్దామని. తెలీక చేసినవాణ్ని హంతకుడు అనడం క్రూరమని. బాబాయిని మనసులో పెట్టుకునే అన్నారు. నాన్న ఒప్పుకోలేదు. మాట మనకి అప్పగించారు గాని ఇచ్చేయలేదు అనేవారు."

"మరి తమ్ముడి మీద ఆయనకి జాలి లేదా?"

"జాలి ఉండబట్టే ఒప్పుకోలేదండీ." ఆ అమ్మాయి గొంతు పెరిగింది. "జబ్బు పేరు మార్చి చీటీ రాస్తే మందు ఎవరికి చేరుతుంది అనేవారు. ఆజ్ఞ దగ్గర ఒక పేరుతో పిలిచి, తలుపు తెరిచేచోట ఇంకో పేరుతో పిలిస్తే, ఆ తలుపు తనకోసమేనని వాడికెలా తెలుస్తుంది? హంతకుడు అని పిలిచిన నోరే హంతకుడా లోపలికి రా అనాలి. అప్పుడే వాడు వస్తాడు అనేవారు."

గుమ్మం దగ్గర గాజు మీద చెక్క తగిలిన చప్పుడైంది.

డ్రైవర్ బాబాయి నిలబడి ఉన్నాడు. చేతిలో పెన్సిళ్ల గ్లాసు. కుడి చెవి గది వైపు తిప్పి ఉంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఎవరూ గమనించలేదు. నత్త కూడా.

"రెండోది ఉందా?" అన్నాడు.

అందరూ అటు తిరిగారు.

"అమ్మడూ, నిన్నే. ఎర్ర దారం తర్వాత ఇంకోటి చదవాలనుకున్నాడా?"

"అవును బాబాయ్," అంది కూతురు.

ఆయన గుమ్మం చెక్కకి ఆనుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఎవరికి చెబుతున్నాడో తెలియలేదు. పెన్సిళ్ల వైపు చూస్తూ చెప్పాడు.

"మీ ఆయన వెళ్లిపోయాక, అన్నయ్య లేచి వెళ్లి గేటు గడియ పెట్టాడు. వెనక గదికొచ్చాడు. 'ఒరేయ్, నీ చెవి నాకు ఒకసారి కావాలిరా, వినిపెట్టు' అన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ పిలవలేదు. నేను రానని తెలిసి పిలిచేవాడు కాదు. ఏ కళనున్నానో, సరే అన్నా. కుర్చీ నేనే జరుపుకున్నా, ఈ చెవి అటొచ్చేలాగ. చదివాడు. 'ఏం అర్థమైందిరా?' అన్నాడు. 'నన్నే అన్నావని అర్థమైంది' అన్నా." ఆయన గ్లాసు రెండో చేతికి మార్చుకున్నాడు. "'అవున్రా, నిన్నే' అన్నాడు. అదే గొంతుతో. పాలామెతో మాట్లాడినట్టు. 'కూర్చో, ఇంకా ఉంది' అన్నాడు."

"ఇంకా ఉంది అన్నారా?" ఆమె మెల్లగా అడిగింది.

"అన్నాడు. ఇంకా తిట్టు ఉందనుకున్నా. లేచిపోతుంటే అడ్డం వచ్చాడు, భుజం పట్టుకున్నాడు. విదిలించి తోశా. ఇంజన్ ముందు మనుషులు కనిపించినప్పుడు బ్రేకు వేశా, ఆగలేదు. అన్నయ్య ముందు బ్రేకే వేయలేదు."

"అమ్మాయి మొగుడు లాకప్‌లో ఉంటే నోరెందుకు మెదపలేదు?" అగ్గిపుల్ల అరిచాడు గాని, ఆ అరుపులో మునుపటి మంట లేదు.

"వదిలేస్తారనుకున్నా. నన్ను వదల్లేదా? ముగ్గురు పోతే, నేనే చేశానయ్యా అని ఎంత మొత్తుకున్నా నీ తప్పు లేదు పో అన్నారు. నువ్వే చంపావన్న మాట ఎవరైనా నా మొహాన అంటారేమోనని ఇన్నేళ్లు చూశా. అన్నవాడు ఒక్కడే. వాణ్ని..." ఆయన ఆపేశాడు. "చెక్కడం అయ్యాక స్టేషన్‌కి పోదామని నిన్నట్నుంచి చెక్కుతున్నా. పెన్సిళ్లు అయిపోతే మళ్లీ మొదటిదాన్నే చెక్కుతున్నా."

ఆమె గ్లాసు వైపు చూసింది. అందులో పెన్సిళ్లు ఒక్కోటి చిటికెన వేలంత మిగిలాయి. మొనలు మాత్రం సూదుల్లా ఉన్నాయి.

మొహం చూసి ఉంటే తెలిసేది. అదొక్కటే ఆమె బుర్రలో తిరుగుతోంది. చదివేటప్పుడు ఆ పెద్దాయన మొహంలో ఏముందో, 'ఇంకా ఉంది' అన్నప్పుడు కళ్లు ఎలా ఉన్నాయో, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే ఈ తమ్ముడు లేచేవాడు కాదు. ఊరందరికీ పెట్టిన నియమాన్నే అయ్యగారు తమ్ముడికీ పెట్టాడు. మాటకి సాయం పట్టలేదు.

అగ్గిపుల్ల నడుము దగ్గరున్న బేడీల మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏం కాదు. పట్టుకుని వదల్లేదు. ఆయన ఒకసారి ఆమె వైపు, ఒకసారి ముసలాయన వైపు చూసి, టోపీ చంకలోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"చదువమ్మా," అన్నాడు డ్రైవర్ బాబాయి.

గుమ్మం దాటాడు. ఇనప పెట్టె వైపు చూడకుండా, చాప మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. గోడ వైపు మొహం, ఏటవాలుగా, కుడి చెవి వెనక్కి. గ్లాసు ఒళ్లో పెట్టుకున్నాడు.

కూతురు కదల్లేదు. తండ్రి నేల మీద పడి ఉన్న చోటికీ, వాలుబల్లకీ మధ్య రెండడుగులే ఉంది. తండ్రిని తోసిన మనిషి వీపు ఎదురుగా ఉంది. చిన్నప్పుడు తనని బడికి మోసుకెళ్లిన వీపు కూడా అదే. పమిటతో మొహం తుడుచుకుని వాలుబల్ల వెనక్కి వెళ్లింది. తెల్ల దారం పట్టుకుని పేజీలు తిప్పింది.

చదివింది. గొంతు ఎత్తకుండా, దించకుండా, తండ్రి చదివే తీరులోనే చదివింది. పగ లేకుండా, చూడకుండా తోటి మనిషి ప్రాణం తీసినవాడి గురించి. వాడి కోసం ముందే కట్టి ఉంచిన ఊళ్ల గురించి. తరిమేవాడి చేతికి వాణ్ని అప్పగించకూడదన్న కట్టడ గురించి. ఆ మాట వచ్చింది. ఒకసారి, ఇంకోసారి, మళ్లీ. ఎక్కడా మెత్తబడలేదు. వచ్చిన ప్రతిసారీ ఆ మాట పక్కన ఒక తలుపు ఉంది.

మొన్నటి నెత్తుటికి ఆ తలుపు ఉందో లేదో అందులో రాసి లేదు. ఆ సంగతి గదిలో నలుగురికీ తెలుసు.

చదవడం అయిపోయింది. పరీక్ష ఇంకా పూర్తికాలేదని కూతురికి గుర్తొచ్చింది.

"ఏం అర్థమైంది బాబాయ్?" అంది.

ఆయన వీపు వాళ్లకి ఉంది. మొహం ఎవరికీ కనిపించలేదు. భుజాలు ఒకసారి పైకి లేచి మెల్లగా దిగాయి. తర్వాత కుర్చీలోంచి లేచాడు. రాసే బల్ల దగ్గరికి వెళ్లి పెన్సిళ్ల గ్లాసు దాని మీద పెట్టాడు. ఇన్నేళ్లు గుమ్మం దగ్గర ఆగిన గ్లాసు. ఒక పెన్సిలు పక్కకి వాలితే దాన్ని వేలితో సరిచేశాడు.

అన్న కూతురి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ అమ్మాయి చెయ్యి సగం లేచింది. కొట్టడానికో పట్టుకోవడానికో ఆమెకే తెలిసినట్టు లేదు. లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆయన గుమ్మం దాటాడు, వరండా దాటాడు, పొట్టు పరుచుకున్న మెట్టు దిగాడు. గేటు గడియ తీశాడు. వీధిలో జీపు దగ్గరున్న కానిస్టేబులు తడబడి తలుపు తెరిచాడు. ముసలాయన వెనక్కి చూడకుండా ఎక్కి కూర్చున్నాడు.

గేటు తెరిచే ఉంది. మూయడానికి ఎవరూ వెళ్లలేదు.